ఏరు పొంగితే ఉప్పు అడిగే ఊరు: ఒక ఓపెన్ వరల్డ్ ఆటలో క్వెస్టుల కేస్ స్టడీ

ఒడిశాలోని పర్లాకిమిడిలో నలుగురు కుర్రవాళ్ళు ఒక ఓపెన్ వరల్డ్ రోల్ ప్లేయింగ్ గేమ్ కడుతున్నారు, అంటే ఆటగాడు ఒక పాత్రగా తన ఇష్టం వచ్చిన చోటికి తిరగగలిగే ఆట. కంప్యూటర్‌లో ఆడేది, ఆటలు తయారుచేసే గోడో ఇంజిన్ మీద నడిచేది. కథా కాలం సుమారు వందేళ్ళ కిందటిది. ఊళ్ళ పేర్లన్నీ కల్పితమే అయినా గజపతి జిల్లా చూసినవాళ్ళెవరూ మోసపోరు. మైదానంలో కోట ఉన్న పట్నం, అక్కడితో ఆగిపోయే చిన్న రైలు, పట్నం పక్కన మహేంద్రతనయ లాంటి ఏరు, ఏరు దాటితే సవర గిరిజనుల కొండ ఊళ్ళు. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి పడిన నేరోగేజి లైనే ఆ రైలుకు మూలం. అప్పట్లో ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి ప్రావిన్సుగా ఏర్పడ్డాక పర్లాకిమిడి అటు వెళ్ళింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు మిగిలింది. ఈ కుర్రవాళ్ళకు ఇంట్లో తెలుగు, సర్కారు కచేరీలో ఒడియా, సంతలో రెండూ. ఆట కూడా అలాగే ఉండాలని వాళ్ళ పట్టు.

నా వృత్తి ఆటలకు క్వెస్టులు, అంటే ఆటగాడికి అప్పగించే పనులు, రాయడం, ఇతరులు రాసినవి పట్టాలెక్కించడం. వాళ్ళు నన్ను పిలిచేసరికి ప్రపంచం దాదాపు సిద్ధంగా ఉంది. వాన పడేది, ఏరు పొంగేది, మనుషులు పొద్దున లేచి పొలానికి వెళ్ళేవారు. ఫిర్యాదు ఒక్కటే. ఆడి చూడమని ఇచ్చిన స్నేహితులు రెండో సాయంత్రానికే పక్కన పెట్టేస్తున్నారు. ఎందుకని అడిగితే "చుట్టూ చాలా బాగుంది, పనులే అన్నీ ఒకలాగ ఉన్నాయి" అంటున్నారు.

పనులు ఎలా తయారవుతున్నాయో చూశాను. ముప్పై చిల్లర మూసలు. ప్రతి మూసలో కొన్ని ఖాళీలు. ఫలానా ఊరిలో ఫలానా మనిషి ఫలానా వస్తువును ఫలానా చోటి నుంచి తెచ్చిపెట్టమంటాడు. కంప్యూటర్ ఆ ఖాళీల్లో పేర్లు పూరిస్తుంది. లెక్కకు వేల క్వెస్టులు. ఆడేవాడికి మాత్రం ముప్పై, జాగ్రత్తగా చూస్తే నాలుగు: తే, ఇయ్యి, చంపు, వెతుకు.

ఈ పద్ధతిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. దానికి పెద్ద వంశమే ఉంది. 1996లో బెథెస్డా వాళ్ళ 'డాగర్‌ఫాల్' ఇలాగే ఖాళీలున్న మూసలతో పదిహేను వేల పైచిలుకు ఊళ్ళు, గుహలు ఉన్న ప్రపంచాన్ని నింపింది. 2011లో అదే సంస్థ 'స్కైరిమ్'లో రేడియంట్ స్టోరీ అనే వ్యవస్థ పెట్టింది. అందులో ఒక్కో ఖాళీకి షరతులు ఉంటాయి. ఈ పాత్ర బతికి ఉండాలి, ఆ గుహకు ఆటగాడు ఇంతవరకు వెళ్ళి ఉండకూడదు, అలాంటివి. తప్పనిసరి ఖాళీ ఏదైనా పూడకపోతే ఆ క్వెస్టు అసలు మొదలే కాదు. చూడని చోటికే ఆటగాణ్ని పంపించాలన్న ఆ ఒక్క నియమం వల్ల ఎంతమంది ఆ మంచు కొండలన్నీ తిరిగారో! ఎగతాళి చేసేవాళ్ళు ఈ సంగతి మరచిపోతారు. ఎగతాళికి కారణం లేకపోలేదు. 2015లో వచ్చిన 'ఫాల్అవుట్ 4'లో ఆటగాడు ఒక ఊరిని కాపాడి వచ్చిన కాసేపటికే ప్రెస్టన్ గార్వీ అనే పాత్ర ఇంకో ఊరికి సాయం కావాలంటాడు. ప్రపంచమంతా అతని మీద జోకులు వేసుకుంది. పాపం, అతను చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే ఆ ఊరికి సాయం అందకపోతే ఏమవుతుందో ఆటగాడికి ఎప్పుడూ గట్టిగా తగలదు.

ఏ ఆటలోనైనా క్వెస్టుల వ్యవస్థను పరీక్షించడానికి నేను ముందుగా చేసే పని ఒకటి ఉంది. ఏ పనీ ఒప్పుకోకుండా ఆడతాను. ఎవరు ఏమి అడిగినా కాదని ముందుకు పోతాను. ఆట తాలూకు నెల గడిచాక వెనక్కి వచ్చి ఏమి మారిందో చూస్తాను. ఈ ఆటలో ఒక రైతు పులి తన ఆవులను ఎత్తుకుపోతోందని మొరపెట్టుకున్నాడు. కాదన్నాను. నెల తరువాత వెళ్తే ఆవులు అలాగే నెమరేస్తున్నాయి, పులి అలాగే పొద చాటున ఉంది, రైతు అదే గొంతుతో అదే మొర. అతని కష్టం ఆటగాడి కోసం పుట్టింది, ఆటగాడి కోసమే కాచుకుని ఉంది. పనులు ఒకలాగ ఉన్నాయన్న ఫిర్యాదుకు వేరు అక్కడే ఉంది. మూసలు ముప్పై కాక మూడు వందలు రాసినా తీరేది కాదు.

కాబట్టి మూసలను ముట్టుకోకుండా, ముందు వాటి కిందికి ఒక కొత్త పొర చేర్చాం. దానికి పెట్టిన పేరు 'అవసరం'. అవసరం వేరు, క్వెస్టు వేరు. అవసరం అంటే ప్రపంచంలో ఒక చోట ఒక లోటు ఉందన్న నమోదు. ఎవరికి, ఏమి లోటు, ఎంత ముదిరింది, ఎప్పటిలోగా తీరాలి, ఎవరెవరు తీర్చగలరు. ఆ తీర్చగలవాళ్ళ జాబితాలో ఆటగాడు ఒకడు, అంతే. జాబితాలో రెండో పేరు లేని అవసరాన్ని వ్యవస్థ తీసుకోదు. ఈ నియమం మీద మొదట్లో చాలా వాదన జరిగింది. "అన్నయ్యా, ఎవరో ఒకరు ఎలాగూ చేసేస్తారని తెలిస్తే ఆటగాడు ఎందుకు చేస్తాడు?" అని ప్రోగ్రామర్ నిలదీశాడు. వాళ్ళు ఎలా చేస్తారో చూశాక చేస్తాడని నా జవాబు. అది మాటల్లో తేలే విషయం కాదు, ఆడించి చూడవలసిందే.

అవసరాలు పుట్టాలంటే ప్రపంచానికి ఖాతా పుస్తకం ఉండాలి. ప్రతి ఊరికి ఒకటి పెట్టాం. బియ్యం, ఉప్పు, నూనె, బట్ట కొండకు ఎక్కుతాయి. చింతపండు, పసుపు, తేనె, అడ్డాకులు కిందికి దిగుతాయి. వీటిని కదిలించేది వారం వారం జరిగే సంత. సంత రోజు సరుకు చేతులు మారుతుంది, మిగతా రోజుల్లో ఖర్చవుతుంది. ఇంతకు మించిన ఆర్థిక శాస్త్రం ఇందులో లేదు, అక్కర్లేదు కూడా. సరుకుల జాబితా మాత్రం కుర్రవాళ్ళు పుస్తకాలు చూసి వేసినది కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు కొండ దారులు తెగిపోయి, సాయం చేరక ఊళ్ళు ఎలా ఎదురుచూశాయో వాళ్ళకు తెలుసు. దారి తెగినప్పుడు ఏది ముందు అయిపోతుందన్న ప్రశ్నకు ఆ నలుగురూ తడుముకోకుండా జవాబు చెప్పారు. నేను చేసిందల్లా ఆ జవాబులను వరుసలో పెట్టడం.

ఒక అవసరం పుట్టి పెరిగిన తీరు ఆట రాసుకున్న లాగ్‌లోంచి యథాతథంగా చెబుతాను.

ఆటలో శ్రావణం. మూడు రోజుల ముసురుకు ఏరు పొంగింది. ఉప్పు బండ్లు రేవు దగ్గర నిలిచిపోయాయి. ఏరు అవతలి కొండ ఊరిలో ఉప్పు 12 కుంచాలు ఉంది, రోజుకు 2 కుంచాలు ఖర్చు. అంటే ఆరు రోజులకు సరిపోతుంది. ఎనిమిది రోజులకంటే తక్కువ నిలవ ఉంటే అవసరం పుట్టాలన్నది మేము గీసిన గీత. పుట్టింది. తీర్చగలవాళ్ళు ముగ్గురు తేలారు. పట్నంలో షావుకారు: ధర రెండింతలైతే మోతగాళ్ళను పెట్టి ఎగువన ఏరు సన్నబడ్డ చోట దాటిస్తాడు. పక్క కొండ ఊరు: వాళ్ళ దగ్గర ఉప్పు ఉంది, కాని రెండూళ్ళ మధ్య చింతచెట్ల తగాదా ఉంది కనుక అప్పు ఇచ్చే అవకాశం తక్కువ. మూడోది ఆటగాడు. ఆ రోజు ఆడుతున్న అమ్మాయి రేవు దగ్గర పడవవాడి నోట ఈ సంగతి విన్నది. కోటలో దొంగతనం కథ రసవత్తరంగా ఉండటంతో అటే వెళ్ళిపోయింది.

నాలుగో రోజుకు ధర రెండింతలైంది. షావుకారు మనుషులు ఉప్పు మోసుకుని కొండెక్కారు. ఊరి ఖాతాలో అంత డబ్బు లేదు. వ్యవస్థ తరువాతి నియమాన్ని చూసింది: డబ్బు లేని ఊరు రాబోయే పంటను తాకట్టు పెట్టవచ్చు. పెట్టింది. లాగ్‌లో ఇదంతా రెండు పంక్తులు. ఆటగాడి కళ్ళకు ఏమీ కనిపించలేదు.

ఆట లెక్కన చాలా వారాలకు, మాఘం దాటాక, ఆ అమ్మాయి కొండ ఊరికి వెళ్ళింది. కోట వంటశాలకు చింతపండు కావాలి. కళ్ళెదురుగా చెట్లు విరగకాసి ఉన్నాయి. ముసలావిడను అడిగితే, "ఈ కాయ మాది కాదు తల్లీ, షావుకారుది. వానాకాలంలోనే రాసిచ్చేశాం. ఆ నాలుగు రోజులు ఉప్పు రాలేదు మరి" అన్నది. అమ్మాయి ఆట ఆపేసి మా వంక చూసింది. "ఆ ఉప్పు సంగతి నేను విన్నాను కదూ?" అని అడిగింది. అవునన్నాం. కోట పని వదిలేసి షావుకారు దుకాణానికి నడిచింది. అప్పు తీర్చాలా, పత్రం దొంగిలించాలా, షావుకారుతో పొత్తు కలిసి లాభం పంచుకోవాలా అన్నది ఆమె ఇష్టం. ముసలావిడ పలికిన మాటలు మేము రాసినవే, తాకట్టు నియమమూ మేము రాసినదే. వాటిని ఆ వరుసలో ఎవరూ గుచ్చలేదు.

ప్రోగ్రామర్ ఆ తరువాత తన ప్రశ్నను మళ్ళీ ఎత్తలేదు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, చాలా జట్లు అందులో పడతాయి. లోపల ఎంత అందమైన లెక్క నడిచినా ఆటగాడికి కనిపించకపోతే అది లేనట్టే. 1997లో వచ్చిన 'అల్టిమా ఆన్‌లైన్' కథ ఈ రంగంలో అందరికీ తెలిసినదే. గడ్డి, దాన్ని మేసే జంతువులు, వాటిని తినే క్రూరమృగాలు అంటూ పెద్ద జీవావరణాన్నే అందులో కట్టారు. తలుపులు తెరవగానే ఆటగాళ్ళు గుంపులుగా దిగి కనబడ్డ ప్రాణినల్లా చంపేశారు. ఆ లెక్కలన్నీ ఎవరి కంటా పడకుండానే కుప్పకూలాయి, చివరికి దాన్ని తీసేశారు. మాకు ఆ గతి పట్టకుండా కాపాడింది సంతే. కొండ ఊరికి కష్టం వస్తే సంతలో ఆ ఊరివాళ్ళు కూర్చునే చోటు ఖాళీగా ఉంటుంది. ఉప్పు రాశి చిన్నదవుతుంది, కొలిచేవాడి చెయ్యి బిగుస్తుంది. తాకట్టు పడ్డ చింతపండు ఊరివాళ్ళ బుట్టల్లో కాక షావుకారు గోనెల్లో కనిపిస్తుంది. చూసే కన్ను ఉంటే ఆటగాడు ఎవరినీ అడగకుండానే పని వెతుక్కోగలడు. అందుకే తలల మీద వెలిగే పసుపు రంగు ఆశ్చర్యార్థకాలు తీసేయమన్నాను. కుర్రవాళ్ళు సగం తీశారు. కోట కథకు ఉంచారు, సంతకు తీశారు. నా మనసుకు పూర్తిగా నచ్చలేదు గాని, అమ్ముకోవలసింది వాళ్ళు.

ఇంకో చిక్కు ఎదురు దిక్కు నుంచి వచ్చింది. వానాకాలంలో అవసరాలు ఒకేసారి ఇరవై పుట్టుకొస్తాయి. అన్నీ ఆటగాడి చెవిన వేస్తే ఊరంతా కాళ్ళకు చుట్టుకున్నట్టు ఉంటుంది. 2008 నాటి 'లెఫ్ట్ 4 డెడ్'లో డైరెక్టర్ అనే వ్యవస్థ ఆటగాళ్ళ మీద ఒత్తిడిని అంచనా కట్టి శత్రువుల రాకను హెచ్చించేది, తగ్గించేది. 'రిమ్‌వరల్డ్' ఇంకా బాహాటంగా ముగ్గురు కథకులను మన ముందు నిలబెట్టి ఎవరు కావాలో ఎంచుకోమంటుంది. ఒకరు క్రమంగా బిగిస్తారు, ఒకరు ఊపిరి తీసుకోనిస్తారు, ఒకరు ఇష్టం వచ్చినట్టు చేస్తారు. మేము అంత దూరం పోలేదు. ఒక ఊరికి వెళ్ళినప్పుడు రెండుకు మించి విన్నపాలు వద్దన్నాం. ఇంతకు ముందు అడిగిన రకం మళ్ళీ వెంటనే రాకూడదు, అడిగే మనిషికి ఆటగాడితో ఏదో ఒక పరిచయం ఉండాలి. పరిచయం లేకపోతే అడగడు, గొణుక్కుంటాడు. ఆ గొణుగుడు విని పలకరించడం ఆటగాడి పని. మిగతా పద్దెనిమిది అవసరాలు ప్రపంచం తనంతట తాను తీర్చుకుంటుంది, లేదా తీరకుండా పుండవుతాయి.

పుండ్లు మరీ ఎక్కువయ్యాయి. ఆటగాడు లేకుండా రాత్రంతా ఆటను వేగంగా నడిపించి పొద్దున ఖాతాలు చూసేవాళ్ళం. మొదట్లో ప్రతిసారీ తెల్లవారేసరికి కొండ ఊళ్ళు ఖాళీ, షావుకారు ఖాతాలో కోట్లు. చరిత్రకు దగ్గరగానే ఉంది కదా అని ఒకతను నవ్వాడు గాని, ఆడటానికి మనుషులు మిగలాలి. కుర్రవాళ్ళు ప్రతి ఊరికి రోజూ కొంత ధాన్యం ఉచితంగా కురిపిద్దామన్నారు. అది నాకు రుచించలేదు. దానికి బదులు కొండ మనుషులు కరువులో నిజంగా ఏమి తింటారో దాన్నే ఖాతాలోకి తెచ్చాం. బియ్యం ఒక గీత కిందికి పడితే ఊరు అడవి దుంపల మీద, మామిడి టెంకల అంబలి మీద పడుతుంది. ప్రాణం నిలుస్తుంది, పని చేసే సత్తువ తగ్గుతుంది, సంతకు వచ్చే సరుకు తగ్గుతుంది, ధరలు పెరుగుతాయి. పెరిగిన ధర మళ్ళీ ఊరికి నాలుగు డబ్బులు తెస్తుంది. అదనపు సాయం లేకుండానే లెక్క నిలదొక్కుకుంది. పైగా ఇంటి ముందు టెంకలు ఎండుతున్నాయంటే ఆ ఊరికి గడ్డుకాలమని ఆటగాడు గుర్తుపట్టడం నేర్చుకున్నాడు.

ఇంతవరకు చెప్పింది ఏ భాషలో ఆట చేసినా ఎదురయ్యేదే. ఇక మాటల దగ్గరికి వచ్చేసరికి తెలుగు తన తడాఖా చూపించింది.

ఇంగ్లీషు మూసలో ఖాళీ ఉంటే పేరు తెచ్చి పెట్టేయవచ్చు, చుట్టూ ఉన్న వాక్యం పెద్దగా కదలదు. తెలుగులో పేరే కదిలిపోతుంది. కుర్రవాళ్ళ కోడ్ ఏ నామవాచకానికైనా చివర 'కు' అంటించేది. కొండకు, చెరువుకు అంటే బాగానే ఉంది. ఏరుకు వెళ్ళు, ఇల్లుకు రా, నుయ్యికు దిగు అనేసరికి ఆడి చూసినవాళ్ళు పగలబడి నవ్వారు. ఏటికి, ఇంటికి, నూతికి అని కంప్యూటర్‌కు దానంతట ఎలా తెలుస్తుంది? నియమాలు రాయబోతే మినహాయింపులు పుట్టలోంచి చీమల్లా వచ్చాయి. చివరకు వ్యాకరణ పండితులు ఔపవిభక్తికం అనే రూపాన్ని ప్రతి పేరు పక్కనా చేత్తో రాసేశాం. ఏరు, ఏటి, ఏటికి, ఏట్లో. ఊరు, ఊరి, ఊరికి, ఊళ్ళో. ఆటలో ఉన్న పేర్లు కొన్ని వందలే కనుక ఇద్దరు కూర్చుంటే అయిపోయే పని. కృత్రిమ మేధ ఏదీ అక్కర్లేదు. వచనం కూడా రాయాలి. ఉప్పు అయిపోయింది గాని నీళ్ళు అయిపోయాయి, పాలు విరిగిపోయాయి. బియ్యం అయిపోయాయనాలా అయిపోయిందనాలా అని ఆ ఇద్దరూ ఒక పూట తగువులాడుకుని బహువచనానికి ఓటేశారు.

మాటల తీరు గురించి కూడా కొంచెం తగువైంది. మొదటి రచనలో పాత్రలు "ఓ వీరుడా, ఆలకింపుము" అనే ధోరణిలో మాట్లాడేవి. వందేళ్ళ కిందటి కథ కదా, గ్రాంథికం ఉండాలన్నది వాళ్ళ ఊహ. గిడుగు రామమూర్తి బడిపంతులుగా పనిచేసి, సవర భాష నేర్చుకుని, వాడుక భాష కోసం ఉద్యమం లేవదీసిన ఊరు మీది, ఆయన తిరిగిన వీధుల్లోనే కూర్చుని ఈ పని చేస్తారా అని అడిగాను. మర్నాటికి ఆ వాక్యాలు పోయాయి.

అసలు మలుపు క్రియాపదం దగ్గర వచ్చింది. షావుకారు వచ్చాడా, వచ్చారా? కోడ్‌లో ఒక్కో పాత్రకు ఒక్కో గౌరవ స్థాయి రాసి ఉంది. షావుకారుకు గౌరవం ఉంది కనుక అందరూ 'వచ్చారు' అనేవారు. మన మనుషులు అలా మాట్లాడరు. అప్పున్నవాడు షావుకారుగారు వచ్చారంటాడు, తాకట్టు పోయినవాడు ఆయన వినకుండా వాడొచ్చాడంటాడు, జమీందారు దివాను ఆయన ముఖం మీదే నువ్వు అంటాడు. గౌరవం మనిషిలో లేదు, ఇద్దరి మధ్య ఉంది. కాబట్టి దాన్ని పాత్ర ఫైలులోంచి తీసి సంబంధాల పట్టికలో పెట్టాం. ఎవరు, ఎవరి గురించి, ఎవరి ఎదుట అన్న మూడింటిని బట్టి వాక్యం తేలుతుంది.

ఆ పట్టిక ఖాతా పుస్తకానికి ముడిపడగానే మేము ఎదురుచూడని లాభం దక్కింది. చాలా ఆటల్లో పలుకుబడిని చూపడానికి తెర మూలన ఒక గీత పెడతారు, మంచి చేస్తే పెరుగుతుంది, చెడు చేస్తే తరుగుతుంది. మాకు ఆ గీతతో పని లేకపోయింది. కొత్తగా ఊరికి వచ్చిన ఆటగాణ్ని ముసలావిడ 'మీరు' అంటుంది. ఉప్పు తెచ్చి ఇచ్చాక 'నువ్వు' అవుతుంది, ఆ 'నువ్వు'తో పాటు 'నాయనా' వస్తుంది, ఆడపిల్ల పాత్ర అయితే 'అమ్మా' వస్తుంది. మోసం చేస్తే మళ్ళీ 'మీరు' అంటుంది. ఆ రెండో 'మీరు' వినగానే ఆడేవాళ్ళ ముఖాలు మారడం నేను పక్కనే కూర్చుని చూశాను. ఎరుపు గీత ఎంత తరిగినా అలా మారవు.

ఏ సందర్భానికి ఏ వాక్యం ఎంచుకోవాలన్నదానికి కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. వాల్వ్ సంస్థలో పనిచేసిన ఎలన్ రస్కిన్ 2012లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో వివరించిన పద్ధతే. ప్రపంచం స్థితిని చిన్న చిన్న వాస్తవాలుగా పట్టిక వేసి, ప్రతి వాక్యానికి షరతులు రాసి, సరిపోయిన వాటిలో ఎక్కువ షరతులున్నదాన్ని పలికించడం. 'ఉప్పు లేదు' అన్న సాదా వాక్యం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. 'ఉప్పు లేదు, ఏరు పొంగింది, పోయిన ఏడాది నువ్వే తెచ్చావు' అన్న మూడూ కలిస్తే అంతకంటే మంచి వాక్యం దాన్ని తోసేసి ముందుకు వస్తుంది. రచయితకు ఇందులో ఉన్న సుఖం చెప్పనలవి కాదు. ఒక వాక్యం చేర్చాలంటే దేన్నీ విప్పి మళ్ళీ కట్టనక్కరలేదు. రాత్రి ఆడుతుండగా ఇక్కడ ఈ మాట ఉంటే బాగుండేదని తోస్తే పొద్దున ఒక వరుస రాసేయవచ్చు.

పగలూ పంతాలూ గుర్తుపెట్టుకునే శత్రువులు ఉండాలన్నప్పుడు పేటెంటు ప్రస్తావన వచ్చింది. 2014 నాటి 'షాడో ఆఫ్ మోర్డోర్'లో శత్రు నాయకులు మనల్ని చంపి పదవులెక్కడం, మన చేతిలో తగిలిన గాయాన్ని మరుసటిసారి ఎత్తిచూపడం ఉండేవి. నెమెసిస్ సిస్టమ్ అని పేరుపడ్డ ఆ ఏర్పాటుకు 2021లో అమెరికాలో పేటెంటు వచ్చింది. మన పేటెంట్ల చట్టంలోని 3(కె) సెక్షను ప్రకారం కేవలం కంప్యూటర్ ప్రోగ్రాముకు ఇక్కడ పేటెంటు రాదు. అయితే ఆటను స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో పెట్టి అమెరికాలోనూ అమ్మదలచుకుంటే ఇక్కడి చట్టం ఒక్కటీ చూసి నిశ్చింతగా ఉండలేం. పాత్రలు జ్ఞాపకం పెట్టుకోవడం ఒకరి సొత్తు కాదు. పేటెంటు అందులో రాసుకున్న నిర్దిష్టమైన ఏర్పాటుకే వర్తిస్తుంది. దాన్ని వకీలు చేత చదివించమని చెప్పాను. మా ఆటలో పగ ఎలాగూ ఖాతాలోంచి పుడుతుంది. తాకట్టు పోయిన ఊరు, కూలి ఎగ్గొట్టిన షావుకారు. పదవుల నిచ్చెన లేదు.

పాత ముప్పై మూసలు ఏమయ్యాయంటే, ఉన్నాయి. పులి క్వెస్టు కూడా ఉంది. ఇప్పుడు పులి ఊరి మీదికి రావడానికి అడవిలో వేట తగ్గడం కారణం కావాలి, ఎవరూ పట్టించుకోకపోతే ఆవులు నిజంగా పోతాయి, ఆవులు పోయిన రైతు ఎడ్లబండి తోలే కూలికి వెళ్తాడు. పులిని చంపినవాడు తరువాత ఎప్పుడో రేవులో ఆ రైతును బండి మీద చూడడు. చంపనివాడు చూస్తాడు.

ప్రస్తుతం ఒడియా కూర్పు నడుస్తోంది. మూసల వరకు అది తెలుగు కంటే సుఖంగా సాగుతోంది. ఒడియాలో పేరు అంతగా ఒళ్ళు విరుచుకోదు, 'కు', 'ర', 'రే' వెనక చేరితే చాలు. క్రియకు ఆడా మగా భేదం లేదు. గౌరవం మాత్రం మూడు మెట్లు: తు, తుమే, ఆపణ. సంబంధాల పట్టికలో ఇంకో గడి చేర్చవలసి వచ్చింది.

సవర మాటల విషయంలో వాదన ఇంకా తెగలేదు. కొండ ఊళ్ళ పాత్రలు తమలో తాము సవరలోనే మాట్లాడాలని అందరూ ఒప్పుకున్నారు. ఆ మాటలు సవర మాట్లాడే మనిషి చేతే రాయించి, చెప్పించి రికార్డు చేస్తున్నారు. ఆటగాడికి ఆ భాష రానప్పుడు తెర కింద అనువాదం వేయాలా వద్దా అన్నది ప్రశ్న. వేయవద్దని, దుబాసీని పెట్టమని నేనంటున్నాను. సంతకు వచ్చే దుబాసీలు ఒక్కొక్కరూ ఒక్కొక్కరి మనిషి. షావుకారు మనిషి దుబాసీగా ఉంటే, ముసలావిడ నాలుగు కుంచాల ఉప్పు అడిగితే ఆరని చెబుతాడు, రెండు దారిలో మిగుల్చుకుంటాడు. అసలు అంకె ఖాతాలో ఉంది, పలికిన అంకె వేరు. ఈ రెండింటి మధ్య తేడాను పట్టుకోవాలంటే ఆటగాడు సంతలో కొలతలు చూసి ఉండాలి, లేదా ఒకటి నుంచి పది వరకైనా సవర అంకెలు చెవిన వేసుకుని ఉండాలి. ప్రోగ్రామర్ ఒప్పుకున్నాడు. బొమ్మలు వేసే అమ్మాయి మాత్రం ముసలావిడ అడిగేటప్పుడు వేళ్ళు చూపిస్తుందని, ఆ వేళ్ళు తాను గీస్తానని అంటోంది.